అడవుల లెక్కల్లో దాగుడుమూతలు

కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ 2022 జనవరిలో విడుదల చేసిన అటవీస్థితి నివేదిక తెలుగువారికి తీపి కబురు మోసుకొచ్చింది. అంతకుముందరి నివేదికతో పోలిస్తే అటవీ విస్తీర్ణం దేశంలోకెల్లా ఎక్కువగా పెరిగిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. పెరుగుదల 647 చదరపు కిలోమీటర్లు. 632 చదరపు కిలోమీటర్లతో తెలంగాణది ద్వితీయ స్థానం. 2024 డిసెంబరులో డెహ్రాడూన్‌లో తదుపరి నివేదిక వెలువడింది. ఈసారి అటవీ విస్తీర్ణం అధికంగా తరిగిపోయిన రాష్ట్రాల వరుసలో మధ్యప్రదేశ్ తరువాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, ఆ తరువాతిది తెలంగాణది. తరుగుదల మొదటిదానిలో సుమారు 139, రెండవదానిలో సుమారు 100 చదరపు కిలోమీటర్లు. ఒక నివేదికలో పెరుగుదలకు పేరెన్నికగన్న రెండు రాష్ట్రాలూ మరుసటి నివేదికలోనే తరుగుదలకు ఉదాహరణలుగా నిలవడం విచిత్రమే.

అడవి అంటే వరి పంట కాదు, ఏటేటా పెరిగి తరగడానికి. నాటిన మొక్క రెండేళ్లకు అరణ్యం కాజాలదు. మరి ఈ అంకెల ఉయ్యాల ఏమిటి? నేలమీద నిజంగా వచ్చిన మార్పు ఇందులో కొంత ఉండవచ్చు. నరికివేతలు, ప్రాజెక్టుల ముంపు, గనులు, పోడు కారణం కావచ్చు. నాటిన తోటలు ఎదిగి ఉండవచ్చు, లేదా కోతకు వచ్చి ఉండవచ్చు. కానీ ఉపగ్రహ చిత్రం తీసిన నెలలో ఆకు రాలి ఉందా, ఆ ఏడు వానలు వెనకబడ్డాయా, చిత్రాన్ని చదివినవారు గుబురు పొదను చెట్టుగా ఎంచారా అన్న ప్రశ్నలకూ ఇందులో పాత్ర ఉంది. ఏది ఎంత అన్నది సామాన్య పాఠకుడే కాదు, ఆ జిల్లాలో పనిచేసే అటవీ అధికారి కూడా నివేదికను చూసి తేల్చుకోలేడు. పెరిగితే పథకాల ఘనత, తరిగితే సాంకేతిక కారణం అన్న వ్యాఖ్యానానికి దారి దొరుకుతున్నది ఇందువల్లనే.

ఇది మన రెండు రాష్ట్రాల సమస్యే అయితే జాతీయ వార్తల పుటలో ఇంత చోటు అక్కరలేదు. ప్రపంచం మొత్తానికీ అడవుల లెక్క ఇదే పునాదిపై నడుస్తున్నది.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2025 అక్టోబరులో ఇండొనేసియాలోని బాలి దీవిలో ప్రపంచ అటవీ వనరుల అంచనాను విడుదల చేసింది. భూగోళంపై అడవులు 414 కోట్ల హెక్టార్లలో, అంటే నేల విస్తీర్ణంలో 32 శాతం మేర ఉన్నాయని అది తేల్చింది. 1990 దశకంలో ఏటా 1 కోటి 76 లక్షల హెక్టార్ల చొప్పున సాగిన అడవుల నరికివేత గత దశాబ్దంలో 1 కోటి 9 లక్షల హెక్టార్లకు దిగిందని పేర్కొంది. మొత్తం విస్తీర్ణంలో భారత్‌కు తొమ్మిదవ స్థానం దక్కింది. 2020 నాటి అంచనాలో మనది పదవ స్థానం. ఏటా నికరంగా పెరిగే విస్తీర్ణంలో చైనా, రష్యాల తరువాత మనమే, పెరుగుదల 1.91 లక్షల హెక్టార్లు. మన ప్రభుత్వ ప్రకటనలు ఈ స్థానాలను ఘనంగా చాటాయి.

చాటడంలో తప్పులేదు. అయితే ఆ పట్టిక ఎలా తయారవుతుందో కూడా చెప్పవలసి ఉన్నది. ఆహార వ్యవసాయ సంస్థ తానుగా వచ్చి మన అడవులను కొలవదు. ప్రతి దేశమూ ఒక ప్రతినిధిని నియమిస్తుంది. ఆ ప్రతినిధి తమ దేశపు లెక్కను నిర్ణీత నమూనాలో నింపి పంపుతారు. సంస్థ నిపుణులు దాన్ని పరిశీలించి, సందేహాలుంటే అడిగి, సరిచేయించి, అన్నింటినీ కూర్చి అచ్చు వేస్తారు. ఉపగ్రహ చిత్రాల నమూనాలతో సంస్థ వేరుగా ఒక అధ్యయనం చేయిస్తున్నమాట నిజమే. కానీ వార్తలకెక్కే జాబితా, స్థానాలు, శాతాలు మాత్రం సభ్య దేశాలు స్వయంగా ప్రకటించుకున్నవే. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని ఎవరైనా అంటే, నాలుగోది ఏదని అడిగే అధికారం ఎవరికీ లేదు.

ఇది యాదృచ్ఛికంగా జరిగినది కాదు. 1992 రియో ధరిత్రీ సదస్సులో వాతావరణానికీ, జీవవైవిధ్యానికీ ఒప్పందాలు కుదిరాయి గాని, అడవులకు కుదరలేదు. అడవులు తమ సార్వభౌమాధికారానికి లోబడిన సంపద అనీ, శతాబ్దాలపాటు తమ అడవులను నరికి బాగుపడిన సంపన్న దేశాలు ఇప్పుడు మా చెట్లకు కాపలా కాస్తామనడం చెల్లదనీ వర్ధమాన దేశాలు వాదించాయి. ఆ వాదానికి ముందు నిలిచినవి మలేసియా, భారత్. చివరికి ఎవరినీ కట్టిపడవేయని అటవీ సూత్రాలతో సరిపెట్టుకున్నారు. వాదన న్యాయమైనదే. కానీ పెత్తనానికి భయపడి తలుపు మూసినప్పుడు తనిఖీకి కూడా తలుపు మూసుకుపోయింది. ఆనాటి నుంచీ అడవుల పర్యవేక్షణలో అంతర్జాతీయ సహకారమంటే పరికరాలు, శిక్షణ, చిత్రాలు ఇచ్చిపుచ్చుకోవడమే అయింది. లెక్కను ఒకరి ముందొకరు పరచి సరిచూసుకోవడం అందులో చేరలేదు.

సహకారం లేకపోతే మనకు అటవీ సర్వేయే లేదన్న సంగతి కూడా గుర్తుచేసుకోవాలి. 1965లో ఆహార వ్యవసాయ సంస్థ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమాల చేయూతతో కేంద్రం అటవీ వనరుల పెట్టుబడి పూర్వ సర్వేను ఆరంభించింది. పేరులోనే దాని ఉద్దేశం ఉంది. ఎక్కడ ఎంత కలప ఉన్నదో, ఏ కర్మాగారానికి ఎంత అందుతుందో తెలుసుకోవడం కోసం పుట్టిన సంస్థ అది. దానికి వారసురాలిగా 1981 జూన్‌లో డెహ్రాడూన్‌లో భారత అటవీ సర్వే ఏర్పడింది.

ఈలోగా హైదరాబాద్‌లో మరో కథ నడిచింది. 1970లలో అక్కడ నెలకొన్న జాతీయ దూరసంవేదన సంస్థ, అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల సంకేతాలను నేరుగా అందుకునే కేంద్రాన్ని 1979లో షాద్‌నగర్‌లో నెలకొల్పింది. ఆ చిత్రాలతో అడవులను పటాలకెక్కించిన సంస్థ 1980ల ప్రథమార్ధంలో బయటపెట్టిన అంకెలు దేశాన్ని ఉలికిపాటుకు గురిచేశాయి. 1972-75 మధ్య 5.55 కోట్ల హెక్టార్లున్న అటవీ ఆచ్ఛాదన 1980-82 నాటికి 4.63 కోట్ల హెక్టార్లకు పడిపోయింది. దేశ విస్తీర్ణంలో 16.89 శాతం కాస్తా 14.10 శాతమైంది. ఏటా 13 లక్షల హెక్టార్ల అడవి అదృశ్యమవుతున్నదన్న మాట. అప్పటివరకూ ప్రభుత్వ దస్తావేజుల్లో అడవిగా నమోదైన నేలనంతా అడవిగానే చలామణీ చేసిన అటవీ శాఖలకు ఇది మింగుడుపడలేదు. 1987లో అటవీ సర్వే తన మొదటి నివేదికను ప్రకటించింది. అందులో అటవీ ఆచ్ఛాదన 19.49 శాతం. ఇంచుమించు అవే సంవత్సరాలు, అదే అమెరికా ఉపగ్రహ వ్యవస్థ, రెండూ ప్రభుత్వ సంస్థలే. కానీ ఒకరు చెప్పినది 14, మరొకరు చెప్పినది 19. ఉభయ సంస్థల నిపుణులు కూర్చుని తేడాలను సర్దుబాటు చేయగా వచ్చిన అంకె 19.52 శాతం.

ఆ సర్దుబాటు శాస్త్రీయంగా సబబైనదే కావచ్చు. అడవిని ఏ సాంద్రత దగ్గర మొదలైనట్లు ఎంచాలన్నదే అసలు తగాదా. పలుచబడిన అడవిని అడవి కాదంటే అంకె తగ్గుతుంది, అవునంటే పెరుగుతుంది. కాని ఆ ఘట్టం నేర్పవలసిన పాఠం మరొకటి ఉంది. హైదరాబాద్ లెక్కే లేకపోతే డెహ్రాడూన్ లెక్కకు ప్రశ్నే ఎదురయ్యేది కాదు. రెండు స్వతంత్ర సంస్థలు ఒకే నేలను విడివిడిగా కొలిచి, విభేదించి, ఎందుకు విభేదించాయో తేల్చుకున్న సందర్భం మన అటవీ గణన చరిత్రలో అదొక్కటే పెద్దది. తరువాత గణన ఒక్క చేతికే పరిమితమైంది. అప్పటినుంచి రెండేళ్లకోసారి నివేదిక వస్తూనే ఉంది. తనను తాను పరీక్షించుకునే విద్యార్థికి మార్కులు తగ్గవు.

మార్కులు తగ్గకపోగా, పరీక్షా విధానం మారినప్పుడల్లా పెరిగాయి కూడా. 1999 నివేదికలో 6,37,293 చదరపు కిలోమీటర్లున్న అటవీ ఆచ్ఛాదన 2001 నివేదికలో 6,75,538 చదరపు కిలోమీటర్లయింది. రెండేళ్లలో 38 వేల చదరపు కిలోమీటర్ల అడవి ఆకాశం నుంచి ఊడిపడలేదు. అంతకుముందు 25 హెక్టార్లకు తక్కువైన చెట్ల సముదాయం పటంలోకి ఎక్కేది కాదు. 2001 నుంచి కంప్యూటరు సాయంతో ఒక్క హెక్టారు తోపును కూడా లెక్కించడం మొదలైంది. ఈ సంగతిని అటవీ సర్వే దాచలేదు. కానీ మూడు దశాబ్దాల్లో అడవులు పెరుగుతూ వచ్చాయన్న ఉపన్యాసాలలో ఈ వివరం ఎన్నడూ వినిపించదు.

ఇక నిర్వచనం సంగతి. మన లెక్కలో ఒక హెక్టారుకు మించిన ఏ నేలమీదనైనా చెట్ల కప్పు పది శాతం ఉంటే అది అటవీ ఆచ్ఛాదనే. ఆ నేల ఎవరిది, ఆ చెట్టు ఏ జాతిది అన్నదానితో నిమిత్తం లేదు. నల్లమలలోని మద్దిచెట్ల అడవీ, ప్రకాశం జిల్లాలోని జామాయిల్ తోటా, తీరం వెంబడి సరుగుడు తోపూ, శ్రీకాకుళం జీడిమామిడీ, కోనసీమ కొబ్బరీ ఆకాశం నుంచి చూసే కంటికి ఒక్కటే. 2023 సంవత్సరపు నివేదిక ప్రకారం దేశంలో అత్యధిక శాతం అటవీ ఆచ్ఛాదన ఉన్నది మిజోరంలో కాదు, అరుణాచల్‌లో కాదు, 91.33 శాతంతో లక్షదీవులలో! ఆ దీవులను ఎరిగినవారెవరైనా అక్కడున్నది అరణ్యమంటే నవ్విపోతారు. అది కొబ్బరి తోట.

ఆహార వ్యవసాయ సంస్థ నిర్వచనం వేరు. అర హెక్టారు విస్తీర్ణం, అయిదు మీటర్లకు ఎదిగే చెట్లు, పది శాతం కప్పు అన్నంతవరకు పోలిక కనబడుతుంది. కాని వ్యవసాయానికి ప్రధానంగా వాడే నేలను ఆ సంస్థ అడవిగా అంగీకరించదు. పండ్ల తోటలు, ఆయిల్‌పామ్, చెట్ల నీడన పంట పండించే భూములు ఆ లెక్కలోకి రావు. రబ్బరు తోటలు మాత్రం వస్తాయి. ఎందుకు వస్తాయన్నది అడగదగిన ప్రశ్నే. అలాగే తాత్కాలికంగా చెట్లు లేని అటవీ నేల కూడా వస్తుంది. మన 2023 నివేదికలో అటవీ ఆచ్ఛాదన 7,15,343 చదరపు కిలోమీటర్లు, అంటే 7.15 కోట్ల హెక్టార్లు. ఆ సంస్థ 2025 పట్టికలో మన పేరిట ఉన్నది 7.27 కోట్ల హెక్టార్లు. కొబ్బరి, జీడిమామిడి తోటలను మినహాయించాలనే నిర్వచనం కింద కూడా మన అంకె తగ్గకపోగా కొంచెం పెరిగింది. ఏది తీశారు, ఏది కలిపారు అన్న వివరణను పార్లమెంటు ముందైనా ఉంచవలసిన బాధ్యత ప్రభుత్వానిది.

నిర్వచనాల గొడవ పండితుల కాలక్షేపమని కొట్టిపారేయడానికి లేదు. దాని భారం ఎవరి నెత్తిన పడుతుందో చూడాలంటే అల్లూరి సీతారామరాజు జిల్లాకు వెళ్లాలి. అరకు, పాడేరు, చింతపల్లి మన్యంలో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ సాగు చేస్తున్నారు. చెట్లకు మిరియాల తీగలు పాకిస్తారు. ఐరోపా సమాఖ్య 2023లో ఒక చట్టం చేసింది. కాఫీ, కోకో, ఆయిల్‌పామ్, సోయా, రబ్బరు, కలప, పశు ఉత్పత్తులు ఐరోపా విపణిలోకి రావాలంటే, అవి పండిన నేలలో 2020 డిసెంబరు 31 తరువాత అడవి నరకలేదని నిరూపించాలి. పండిన చెక్క అక్షాంశ రేఖాంశాలతో సహా నమోదు కావాలి. అమలును రెండుసార్లు వాయిదా వేసి, పెద్ద వ్యాపారులకు 2026 డిసెంబరు చివర నుంచి వర్తింపజేయాలని 2025లో నిర్ణయించారు.

ఇప్పుడు ఆ గిరిజన రైతు పరిస్థితిని ఊహించండి. ఆహార వ్యవసాయ సంస్థ నిర్వచనాన్నే ఐరోపా చట్టం స్వీకరించింది గనుక, చెట్ల నీడన కాఫీ పండే నేల అడవి కాదు, తోట. కానీ పైనుంచి తీసిన చిత్రంలో అది దట్టమైన పచ్చదనం. మన అధికారిక గణన ఆ పచ్చదనాన్ని అటవీ ఆచ్ఛాదనలో కలిపి సంతోషిస్తున్నది. శాతం పెంచుకోవడానికి ఢిల్లీకి అది అడవి కావాలి, సరుకు అమ్ముకోవడానికి పాడేరుకు అది తోట కావాలి. ముదిరిన నీడచెట్లను కొట్టి కొత్తవి నాటుకుంటే, ఆకాశం నుంచి చూసే కంప్యూటరు అడవి నరికారని వేలెత్తి చూపవచ్చు. అటవీ హక్కుల చట్టం కింద చేతికందిన పట్టా తప్ప మరో ఆధారం లేని మనిషి, బ్రస్సెల్స్‌లోని నిబంధనకూ డెహ్రాడూన్‌లోని పటానికీ మధ్య ఇరుక్కుంటున్నాడు. తోటను తోటగా, అడవిని అడవిగా విడదీసి చూపే ప్రభుత్వ పటం బహిరంగంగా ఉంటే అతనికి అదే సాక్ష్యం. అటువంటి పటం అతనికి అందడం లేదు.

డబ్బు ముడిపడిన చోట్లు మునుముందు పెరుగుతాయే గాని తగ్గవు. 2025 నవంబరులో బ్రెజిల్‌లోని బెలెం నగరంలో ఆరంభమైన ఉష్ణమండల అటవీ నిధి, నిలిచి ఉన్న అడవికి హెక్టారుకు ఏటా నాలుగు డాలర్ల చొప్పున చెల్లించాలని తలపెట్టింది. నరికినదానికి కోత విధిస్తారు. నరికారా లేదా అన్నది ఉపగ్రహమే చెప్పాలి.

బ్రెజిల్ పేరు వచ్చింది గనుక ఆ దేశ అనుభవాన్ని కొంత వివరంగా చెప్పుకోవాలి. ఈ రంగంలో ఆదర్శమూ అక్కడే ఉంది, హెచ్చరికా అక్కడే ఉంది. ఆ దేశపు అంతరిక్ష పరిశోధన సంస్థ 1988 నుంచి ఏటా అమెజాన్ నరికివేతను ఉపగ్రహ చిత్రాలతో కొలుస్తున్నది. 2004 నుంచి, నరికివేత జరుగుతుండగానే ఆచూకీ చెప్పే మరో వ్యవస్థను జోడించింది. లెక్కతో పాటు, ఏ చెక్క ఏ ఏడాది నరికారో చూపే పటాలను కూడా జనం ముందు పెట్టింది. పత్రికలు, పరిశోధకులు, ప్రభుత్వ న్యాయవాదులు వాటిని వాడుకున్నారు. 2004లో 27 వేల చదరపు కిలోమీటర్లు దాటిన వార్షిక నరికివేత 2012 నాటికి 4,600 లోపునకు దిగింది. చట్టం, బ్యాంకు రుణాలపై ఆంక్షలు, దాడులు అన్నీ పనిచేశాయి గాని, ఎక్కడికి పోలీసును పంపాలో చెప్పినది పటమే.

2019లో నరికివేత మళ్లీ పెరుగుతున్నదని ఆ సంస్థ చెబితే అధ్యక్షుడు బోల్సొనారో ఆ అంకెలు అబద్ధమన్నారు. సంస్థ అధిపతి రికార్డో గల్వావో బహిరంగంగా ఎదురు చెప్పి పదవి పోగొట్టుకున్నారు. కానీ పటాలు అప్పటికే ప్రజల ఆస్తి అయిపోయాయి. అధిపతిని తొలగించగలిగారే గాని అంకెను తొలగించలేకపోయారు. ఆ సంవత్సరాంతాన వెలువడిన వార్షిక గణన గల్వావో మాటనే బలపరిచింది. ప్రభుత్వం మారాక 2023లో ఆయన దేశ శాస్త్ర పరిశోధన మండలికి అధ్యక్షులయ్యారు. 2024 నాటికి నరికివేత సుమారు 6,300 చదరపు కిలోమీటర్లకు తగ్గింది.

అమెజాన్‌ను కనిపెట్టి ఉండటానికి బ్రెజిల్ సొంతంగా నిర్మించుకున్న అమెజోనియా-1 ఉపగ్రహాన్ని 2021 ఫిబ్రవరి 28న కక్ష్యలో ప్రవేశపెట్టినది మన పీఎస్ఎల్‌వీ రాకెట్టే. శ్రీహరికోట నుంచి 637 కిలోల ఆ ఉపగ్రహం నింగికెగసింది. అన్యదేశపు అడవికి కాపలా కన్నును మోసుకెళ్లి నిలబెట్టగల దేశం మనది. ఆ కన్ను చూసినదాన్ని ఆ దేశం పౌరులకు ఎలా చూపిస్తున్నదో నేర్చుకోవడానికి మనకు రాకెట్టు కూడా అక్కరలేదు.

మన దగ్గర జరుగుతున్నదేమిటి? నివేదికలో రాష్ట్రాలవారీగా, జిల్లాలవారీగా పట్టికలుంటాయి. దట్టమైన అడవి ఎంత, ఓ మోస్తరు అడవి ఎంత, పలుచని అడవి ఎంత అన్న విభజన ఉంటుంది. ఆ అంకెలకు ఆధారమైన పటాలు మాత్రం బ్రెజిల్‌లో మాదిరిగా ఎవరికైనా ఉచితంగా దొరకడం లేదు. ప్రకృతి సిద్ధమైన అడవీ నాటిన తోటా అన్న తేడాను మొత్తం అంకెలో విడదీసి చూపడం లేదు. ఈశాన్య రాష్ట్రాలలో 327 చదరపు కిలోమీటర్ల అటవీ ఆచ్ఛాదన తరిగిందని 2023 నివేదిక చెబుతున్నది. దేశం మొత్తంమీద 156 చదరపు కిలోమీటర్లు పెరిగిందనీ చెబుతున్నది. నాగా కొండలమీద పోయిన పాత అడవికి మైదానంలో లేచిన జామాయిల్ తోట సాటి వస్తుందనుకునే గణితానికి వృక్షశాస్త్రంలో చోటులేదు.

లోపల పటం దొరకనప్పుడు జనం బయటి పటాన్ని నమ్ముతారు. అమెరికా 2008లో ల్యాండ్‌శాట్ చిత్రాలన్నింటినీ ఉచితం చేసింది. వాటితో మేరీలాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రపంచ అటవీ మార్పుల పటాన్ని తయారుచేశారు. దాని ఆధారంగా గ్లోబల్ ఫారెస్ట్ వాచ్ 2014 నుంచి ప్రతి దేశపు లెక్కనూ ప్రకటిస్తున్నది. 2001-2023 మధ్య భారత్ 23.3 లక్షల హెక్టార్ల చెట్ల కప్పును కోల్పోయిందనీ, అందులో అరవై శాతం అస్సాం, మిజోరం, అరుణాచల్‌ప్రదేశ్, నాగాలాండ్, మణిపూర్‌లలోనిదేననీ అది చెప్పిన మాట 2024 మేలో జాతీయ హరిత ట్రిబ్యునల్ దృష్టికి వెళ్లింది. ట్రిబ్యునల్ తనంతట తానుగా కేసు చేపట్టి కేంద్రానికి నోటీసు ఇచ్చింది.

బయటి లెక్క వేదవాక్కు కాదు. కోల్పోయిన చెట్ల కప్పు అంటే నాశనమైన అడవి అని అర్థం కాదు. కాగితపు మిల్లు కోసం పెంచిన సుబాబుల్ కోతకు వచ్చినా ఆ లెక్కలో పడుతుంది. కొండమీద పోడు కొట్టి, కొన్నేళ్లకు బీడు వదిలి, మళ్లీ చిగురించనిచ్చే ఈశాన్య సేద్యం కూడా పడుతుంది. పెరిగినదాన్ని కలపకుండా పోయినదాన్ని మాత్రమే చెబితే చిత్రం వికటిస్తుంది. విదేశీ సంస్థల అంకెలను మన అధికారులు కాదనడానికి ఇవి సరైన కారణాలే. అయితే కాదనడానికి మన పటాన్ని ఆ పటం పక్కన పరచి, ఇదిగో ఇక్కడ మీ కంప్యూటరు పొరబడింది అని చూపించాలి. పటాన్ని బీరువాలో ఉంచి ప్రకటనతో ఖండిస్తే వినేవారెవరు?

అసలు సహకారం ఫలించదనుకోవడం పొరపాటు. కార్చిచ్చు విషయంలో అది చక్కగా పనిచేస్తున్నది. నాసా ఉపగ్రహాలు మనమీదుగా వెళ్తూ వేడిచుక్కలను గుర్తిస్తాయి. ఆ సంకేతాలు హైదరాబాద్‌లోని జాతీయ దూరసంవేదన కేంద్రానికి చేరి, అక్కడినుంచి అటవీ సర్వేకు వెళ్లి, సంబంధిత అధికారుల సెల్‌ఫోన్‌కు సందేశంగా వస్తాయి. నిప్పు రాజుకున్న చోటును అంతర్జాలంలో ఎవరైనా చూడవచ్చు. ఇక్కడ నిర్వచనాల పేచీ లేదు, దాచిపెట్టవలసిన పరువూ లేదు.

ఇరుగుపొరుగు దేశాలతో మన వ్యవహారం ఇంతకంటే నిరుత్సాహకరం. సుందరవనాలు దాదాపు పదివేల చదరపు కిలోమీటర్ల ఒకే మడ అడవి. అందులో ఆరువేలు బంగ్లాదేశ్‌లో, నాలుగువేలు మన పశ్చిమబెంగాల్‌లో ఉన్నాయి. పులికీ, ఉప్పునీటికీ, తుపానుకూ సరిహద్దు తెలియదు. 2011 సెప్టెంబరులో ప్రధాని మన్మోహన్‌సింగ్ ఢాకా పర్యటన సందర్భంగా సుందరవనాల పరిరక్షణపై ఉభయ దేశాలూ అవగాహన పత్రం రాసుకున్నాయి. 2020 మేలో అంఫన్ తుపాను రెండు వైపులా అడవిని చీల్చివేసినప్పుడు ఎవరి నష్టం అంచనా వారు వేసుకున్నారు. ఆ పత్రం రాసుకుని ఏళ్లు గడుస్తున్నా, రెండు ప్రభుత్వాలూ ఒకే కొలమానంతో కలిసి క్రమంతప్పక వెలువరించే సుందరవనాల స్థితి నివేదిక అన్నది లేదు.

నేపాల్ తన అడవులను కొలుచుకోవడానికి ఫిన్లాండ్ సాయం తీసుకుంది. 2015లో వెలువడిన ఆ లెక్క ప్రకారం పొదల నేలతో కలిపి 44.74 శాతం భూమి పచ్చగా ఉంది. 1990లలో అది 40 శాతం లోపే. గ్రామ సమూహాలకు అడవిని అప్పగించిన విధానం ఇందుకు ప్రధాన కారణమని విశ్లేషకులు చెబుతారు. భూటాన్ తన నేలలో కనీసం 60 శాతం శాశ్వతంగా అడవిగా ఉండాలని 2008 రాజ్యాంగంలోనే రాసుకుంది. బంగ్లాదేశ్ అటవీ గణనకు ఆహార వ్యవసాయ సంస్థ, అమెరికా సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ తోడ్పడ్డాయి. పొరుగున ఉపగ్రహాలు పంపగల దేశాన్ని పెట్టుకుని వీరు ఫిన్లాండ్‌నూ వాషింగ్టన్‌నూ ఆశ్రయించవలసి రావడం మనకు గౌరవమేమీ కాదు. ఆ వాషింగ్టన్ కూడా 2025లో యూఎస్ఎయిడ్‌ను మూసివేసింది. కఠ్మండులోని పర్వతాభివృద్ధి సంస్థ ద్వారా హిమాలయ దేశాలకు ఉపగ్రహ సమాచారం అందించిన పథకానికి ఆధారం నాసాతో పాటు ఆ సంస్థే. తింఫూలో సార్క్ అటవీ కేంద్రం ఒకటి ఉండేది. అదిప్పుడు లేదు. 2014 నవంబరు తరువాత సార్క్ శిఖరాగ్ర సమావేశమే జరగలేదు, అటవీ కేంద్రం గురించి అడిగేదెవరు?

పాకిస్తాన్‌తో పేచీ వల్ల సార్క్ నడవకపోతే, చెట్లు లెక్కపెట్టే పని కూడా ఆగిపోవాలన్న నియమమేమీ లేదు. బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్‌లతో నేరుగా చేసుకోవచ్చు. అందుకు సాధనం కూడా ఇప్పుడు చేతికొచ్చింది. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన నైసార్ ఉపగ్రహం నాసా, ఇస్రోల ఉమ్మడి నిర్మాణం. అందులోని రాడార్లలో ఒకటి వారిది, ఒకటి మనది. అది మబ్బులను దాటి, రాత్రిపూట సైతం, ఆకుల కప్పు కిందికి చొచ్చుకుపోయి చూస్తుంది. ప్రతి పన్నెండు రోజులకూ అదే చోటికి తిరిగి వస్తుంది. పైనుంచి పచ్చదనాన్ని మాత్రమే చూసే కెమెరాకు కొబ్బరితోట, అడవి ఒకటే కావచ్చు. మాను లావునూ కలప బరువునూ అంచనా కట్టగల రాడారుకు ఆ భ్రమ అంతగా ఉండదు. వానకాలమంతా మేఘాలు కమ్మే ఈశాన్య కొండలకూ, తూర్పు కనుమలకూ, సుందరవనాలకూ ఇది ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. దీని సమాచారాన్ని ప్రపంచానికంతటికీ ఉచితంగా ఇస్తామని రెండు సంస్థలూ ముందే ప్రకటించాయి.

ఆ మాట నిలబెట్టుకుంటే తమాషా ఒకటి జరుగుతుంది. నైసార్ చూసిన నల్లమలను హెల్సింకీలోని విద్యార్థి ఉచితంగా చూడగలుగుతాడు. ఆ నల్లమలలో డెహ్రాడూన్ అడవిగా లెక్కించినది ఏ మేరకో ఆత్మకూరులోని పౌరుడు మాత్రం చూడలేడు. ఈ వైపరీత్యాన్ని సరిచేయడానికి కొత్త చట్టాలూ, అంతర్జాతీయ ఒప్పందాలూ అక్కరలేదు. తదుపరి అటవీస్థితి నివేదికతో పాటు దాని పటాలను అంతర్జాలంలో ఉచితంగా ఉంచాలి. సహజమైన అడవి, నాటిన కలప తోట, కొబ్బరి, కాఫీ వంటి పంట తోటలు అన్న మూడింటినీ వేర్వేరు గడుల్లో అచ్చువేయాలి. హైదరాబాద్ సంస్థకు నైసార్ సమాచారంతో మరోసారి విడిగా లెక్కించే పని అప్పగించి, తేడా వస్తే ఆ తేడాను కూడా ప్రకటించాలి. సుందరవనాల లెక్కను ఢాకాతో కలిసి వేయడానికి 2011 నాటి పత్రమే చాలును. కాఫీ తోటల గడి మాత్రం వీటన్నింటికంటే ముందు పూర్తికావాలి. ఐరోపా గడువు 2026 డిసెంబరు.